ఎన్ని గడపల ఊరు?

ఆదిలాబాద్ అడవుల గురించి మనకున్న చరిత్ర రచనల్లో రెండు రకాల లెక్కలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి ఎకరాల లెక్క: ఎంత అడవి రిజర్వు అయింది, ఎంత భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోయింది, పోరాటాల వల్ల ఎంత తిరిగొచ్చింది. రెండోది తలల లెక్క: ఆదివాసులెందరు, వలస వచ్చినవాళ్ళెందరు, కాల్పుల్లో చనిపోయినవాళ్ళెందరు. ఈ రెండు లెక్కలూ అవసరమైనవే. వీటికోసం ఎంతోమంది పరిశోధకులు, కార్యకర్తలు ఏళ్ళ తరబడి పనిచేశారు. అయితే మన పల్లెల్లో ఒక ఊరు ఎంత పెద్దదో తెలుసుకోవాలంటే ఎకరాలూ అడగరు, తలలూ అడగరు. "ఎన్ని గడపల ఊరు?" అని అడుగుతారు.

గడప అంటే ఒక ఇల్లు, ఒక పొయ్యి, ఒక సంసారం. మనం, అంటే స్త్రీవాదులం, గడపను ఎప్పుడూ ఒక హద్దుగానే చూశాం. దాటాల్సిన గీతగా దాని గురించి కవిత్వం రాశాం. ఇక్కడ నేను దాన్ని ఒక చారిత్రక కొలమానంగా వాడదలచుకున్నాను. అడవిలో గడపలు పెరిగిన క్రమాన్ని, అవి ఎవరివో, ఎవరి పేరిట ఉన్నాయో, ఎవరి శ్రమ మీద నిలబడ్డాయో చూసుకుంటూ పోతే, జనాభా మార్పు అని మనం స్థూలంగా పిలిచే పరిణామంలో ఆదివాసీ స్త్రీ స్థానం ఏమిటో తెలుస్తుంది. ఆమె ఈ చరిత్రలో బాధితురాలు మాత్రమే కాదు. భూమి చేతులు మారిన దారుల్లో ఆమె పేరు కూడా ఒక దారి. ఈ విషయం మన రచనల్లో అక్కడక్కడా ప్రస్తావనగా వచ్చి పోతుందే తప్ప చర్చగా ఎదగలేదు.

కదిలే ఊరు

గోండుల ఊరు పూర్వం ఒకే చోట స్థిరంగా ఉండేది కాదు. జబ్బులు వచ్చినా, వరస చావులు జరిగినా, భూమి సారం తగ్గినా, ఊరు స్థాపించిన పెద్ద పోయినా జనం కొత్త చోటికి కదిలేవారు. కొండల మీద పోడు చేసుకునే కోలాములైతే ఇంకా తరచుగా కదిలేవారు. ఇంటి నిర్మాణం కూడా దీనికి తగినట్టే ఉండేది. చెక్క గుంజలు, వెదురు తడికెలు, వాటిమీద మట్టి, పేడ కలిపి మెత్తిన పూత, పైన గడ్డి కప్పు. గుంజలు నాటడం, కప్పు వేయడం మగవాళ్ళ పని. గోడ మెత్తడం, నేల అలకడం, ఏటా ఆ పూత మళ్ళీ వేయడం ఆడవాళ్ళ పని. అంటే ఇల్లు కట్టడం ఒకసారి జరిగేది. దాన్ని ఇల్లుగా నిలబెట్టడం మాత్రం ప్రతి సంవత్సరం స్త్రీల చేతుల మీద జరిగేది.

ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. గోండు సమాజం పితృవంశ సమాజం. సగలుగా, గోత్రాలుగా విడిపోయిన ఆ నిర్మాణంలో స్త్రీ పెళ్ళితో భర్త వంశంలోకి వెళ్తుంది. కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరలో మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళను వంశ పెద్దలకూ దేవుడికీ పరిచయం చేసే 'భేటింగ్' అనే తంతు ఉంది. తెల్ల చీరలు కట్టుకుని, ముసుగు వేసుకుని వరసగా వచ్చే ఆ కోడళ్ళను పత్రికలు ఏటా ఫోటో తీసి వేస్తాయి. నాకు ఆ ఫోటో చూసినప్పుడల్లా అదొక జనాభా లెక్కలాగా అనిపిస్తుంది. ఈ ఏడు ఎన్ని కొత్త గడపలు లేచాయో వంశం అక్కడ లెక్కపెట్టుకుంటుంది. ఆ లెక్కలో స్త్రీ కనిపిస్తుంది, కానీ వంశానికి చెందిన మనిషిగానే కనిపిస్తుంది. భూమిలో ఆమెకు వాటా ఉందా అన్న ప్రశ్న ఆ రోజుల్లో తలెత్తలేదు. కారణం, భూమి అప్పటికి అమ్ముకునే, కొనుక్కునే సరుకు కాలేదు. పోడుకు చోటు ఉన్నంతకాలం హక్కు అన్న మాట అవసరం పడలేదు. ఆ ప్రశ్న బయటి నుంచి వచ్చింది. అది వచ్చేటప్పటికి జవాబు చెప్పగల కట్టుబాటు లోపల సిద్ధంగా లేదు.

గీత, పట్టా

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నిజాం ప్రభుత్వం అడవుల చుట్టూ రిజర్వు హద్దులు గీసింది. కదిలే ఊరికి ఈ గీత పెద్ద దెబ్బ. ఊరు కదిలిన ప్రతిసారీ అది చట్టం దృష్టిలో ఆక్రమణ అయింది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. రైలుతో కలప, పత్తి, వ్యాపారులు, సాగుకు కొత్త భూమి వెతుక్కుంటూ మహారాష్ట్ర వైపు నుంచీ, తెలంగాణ మైదానాల నుంచీ రైతులు వచ్చారు. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు, బెల్లంపల్లి వైపు బొగ్గు గనులు. అడవిలో ఒక పక్క ఇళ్ళు పెరుగుతున్నాయి, మరో పక్క ఇళ్ళు కాలుతున్నాయి. రిజర్వులో ఉన్నాయన్న పేరుతో అటవీ సిబ్బంది ఆదివాసుల గుడిసెలు తగలబెట్టడం కుమ్రం భీం తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. 1940లో జోడేఘాట్ దగ్గర భీం ప్రాణాలిచ్చాడు.

ఈ చరిత్రను తెలుగు సాహిత్యంలోకి బలంగా తెచ్చింది అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల (1983). 'జల్, జంగల్, జమీన్' అన్న నినాదం ఇవాళ బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ మూడు మాటల్లో ఇల్లు లేదు. అది నినాదంలో లోపమని నేను అనడం లేదు. నీరు, అడవి, భూమి ఉంటే ఇల్లు ఉన్నట్టే అన్నది ఆ కాలపు అనుభవం. కాలిపోయిన గుడిసెను పది రోజుల్లో మళ్ళీ వేసుకోగలిగే మనుషులకు గుడిసె పెద్ద నష్టం కాదు, అడవి నష్టం. ఇల్లు కూడా ఆస్తి అయ్యే కాలం తర్వాత వచ్చింది.

తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను ఆదివాసుల పరిస్థితి అధ్యయనం చేయమని నియమించింది. ఆయనా, ఆయన భార్య బెట్టీ మార్లవాయి గ్రామంలో గోండుల మధ్య నివసించారు. ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం, గోండీ వాచకాలు, కేస్లాపూర్ దర్బారు ఆ కాలంలోనే మొదలయ్యాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది పట్టాల పంపిణీ. 1940ల చివరికి ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు దక్కాయి. గోండుల చరిత్రలో ఇది చాలా పెద్ద విజయం. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ పట్టాలు కుటుంబ యజమాని పేరిట వచ్చాయి. అంతవరకు కుటుంబం మొత్తం తిరుగుతూ దున్నుకున్న నేల ఒక కాగితం మీదికి వచ్చేసరికి ఒక మగవాడి పేరు కింద స్థిరపడింది. ఊరు కదలడం ఆగిపోయింది. గడప పాతుకుపోయింది. అందులో ఉండే స్త్రీ ఆ కాగితం మీద మాత్రం లేదు.

ఇక్కడ బెట్టీ గురించి ఒక మాట చెప్పాలి. క్షేత్ర పరిశోధన పొడుగునా ఆమె ఆయనతోపాటు పనిచేసింది. పుస్తకాల మీద ప్రధాన రచయితగా పేరు ఆయనది. 1987లో హైదరాబాద్‌లో చనిపోయాక ఆమె కోరిక ప్రకారం ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన అస్థికలు 2012లో అక్కడికి చేరాయి. గోండులు ఏటా ఆ ఇద్దరి వర్ధంతీ కలిపి జరుపుకుంటారు. పట్టాలో స్త్రీ పేరు లేకపోవడం, పుస్తకం మీద స్త్రీ పేరు వెనక ఉండిపోవడం ఒకటే అని చెప్పను. కానీ ఆ రోజుల్లో ఒక శ్రమ ఎవరి పేరిట నమోదవుతుంది అన్న విషయంలో ప్రభుత్వానికీ, విద్యా ప్రపంచానికీ పెద్ద తేడా లేదు.

ఇంటి పన్ను రసీదు

1950 తర్వాత రోడ్లు పడ్డాయి. ఉట్నూరు తాలూకా జనాభా 1951 నుంచి 1971 నాటికి రెట్టింపును మించిపోయిన తీరును హైమన్‌డార్ఫ్ 1982లో వచ్చిన తన పుస్తకంలో చర్చించాడు. ఆదివాసుల సంఖ్య తగ్గలేదు. వాళ్ళ చుట్టూ ఇతరుల సంఖ్య పెరిగింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా మొత్తం తీసుకుంటే 2011 జనాభా లెక్కల్లో 27 లక్షల పైచిలుకు జనంలో షెడ్యూల్డు తెగల వాటా సుమారు 18 శాతం. అంగడి జరిగే ప్రతి చోటా ముందు దుకాణం, దాని వెనక ఇల్లు, తర్వాత వీధి, చివరికి కాలనీ. బొగ్గు గనుల వల్ల ఎదిగిన మందమర్రి లాంటి పట్టణం కూడా షెడ్యూల్డు ప్రాంతంలోనే ఉందన్న సంగతి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకునే చాలామందికి గుర్తుండదు.

చట్టం చూడబోతే చాలా కఠినమైనది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970 సవరణతో అది 'వన్ ఆఫ్ సెవెంటీ'గా ప్రసిద్ధమైంది. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా సరే. గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి వేరేగా రుజువు చేసేదాకా గిరిజనుల నుంచి వచ్చినదే అని చట్టం భావిస్తుంది. సుప్రీంకోర్టు 1988లో ఈ నిబంధనలను సమర్థించింది. స్థిరాస్తి అంటే ఇల్లు కూడా. అయినా ఇళ్ళు పెరుగుతూనే వచ్చాయి. సాదా బైనామాల మీద, నోటి మాట మీద, పాత తేదీలు వేసిన కాగితాల మీద. ఇంకొక మార్గం పెళ్ళి.

నా చిన్నతనంలో మా నాన్న ఉద్యోగరీత్యా మేము ఏజెన్సీ అంచున ఒక చిన్న ఊళ్ళో కొన్నేళ్ళు ఉన్నాం. పెంకుటింట్లో అద్దెకు. నెలనెలా అద్దె తీసుకోవడానికి బజార్లో దుకాణం ఉన్న ఒకాయన వచ్చేవాడు. ఒకసారి కరెంటు కనెక్షన్ పని మీద ఇంటి పన్ను రసీదు కావలసి వస్తే ఆయన తెచ్చి ఇచ్చాడు. దానిమీద ఒక గోండు స్త్రీ పేరు ఉంది. అమ్మ అడిగితే, "మా ఇంటామె, అక్కడ చేను కాడ ఉంటది" అన్నాడు. బజార్లో ఉన్న ఇంట్లో ఆయన మొదటి భార్య, పిల్లలు ఉండేవాళ్ళని మాకు తెలుసు. ఆ రెండో ఆమె ఒక దండారి పండగ రోజుల్లో మా ఊరికి వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చింది. అమ్మ లోపలికి రమ్మంటే రాలేదు. బయట గద్దె మీద కూచుని చాయ తాగి, ఇంటి గోడను చేత్తో తడిమి చూసి, సున్నం ఎవరు వేశారని అడిగి వెళ్ళిపోయింది. ఆ ఇల్లు కాగితం మీద ఆమెది. ఆ ఇంటి అద్దె ఎంతో కూడా ఆమెకు తెలియదని అమ్మకు ఆ రోజే అర్థమైంది.

ఆ సంగతి నాకు అమ్మ చెప్పగా గుర్తుంది. పరిశోధనలో పడ్డాక తెలిసిందేమిటంటే అది ఒక్క ఇంటి కథ కాదు. ఏజెన్సీలో భూమి కొనడానికి వీల్లేని గిరిజనేతర పురుషుడు ఆదివాసీ స్త్రీని పెళ్ళి చేసుకోవడమో, ఉంచుకోవడమో చేసి ఆమె పేరిట భూమి, ఇంటి స్థలం సంపాదించడం అన్ని ఏజెన్సీ జిల్లాల్లోనూ ఉన్న పద్ధతే. 1996 పెసా చట్టం తర్వాత షెడ్యూల్డు ప్రాంతాల్లో సర్పంచి పదవులు ఆదివాసులకే దక్కాలన్నప్పుడు కూడా ఇదే మార్గం పనికొచ్చింది. ఆమె పేరు బ్యాలెట్టు మీద, ఆయన కుర్చీలో. తెగను రక్షించడానికి చేసిన చట్టం స్త్రీ తెగను గుర్తించింది. ఆమె వెనక నిలబడి ఆమె పేరును వాడుకునే మనిషిని గుర్తించలేదు. భార్య ఆస్తి భర్త చేతిలో ఉండటం సహజం అన్న పితృస్వామ్య నమ్మకం ఇంత బలంగా లేకపోతే ఈ బినామీ పద్ధతి ఒక్కరోజు కూడా నడిచేది కాదు.

సాహిత్య విద్యార్థిగా నాకు ఇక్కడ ఒక ఆలోచన వస్తుంది. మన కథల్లో, నవలల్లో, సినిమాల్లో అడవికి వెళ్ళిన నాగరిక యువకుడు, అతన్ని ప్రేమించిన కోయ పిల్లో గోండు పిల్లో ఎంత పాత వస్తువు! అతను ఇంజనీరో, ఫారెస్టు ఆఫీసరో, పరిశోధకుడో అవుతాడు. ఆమె అమాయకంగా, అందంగా ఉంటుంది. చివర్లో అతను ఆమెను వదిలి వెళ్ళిపోతాడు, లేదా ఆమె చచ్చిపోతుంది. ఈ కథల మీద స్త్రీవాద విమర్శ చాలా వచ్చింది. ఆమె దేహాన్ని ప్రకృతితో సమానం చేయడాన్ని మనం ప్రశ్నించాం. కానీ ఆ ప్రేమకథల్లో భూమి ఎక్కడుందని ఎవరూ అడగలేదు. ఏజెన్సీలో జరిగిన అసలు కథలో అతను వదిలి వెళ్ళడు. అక్కడే స్థిరపడతాడు. ఇల్లు కడతాడు. ఆమె పేరు అతనికి ఎంతో అవసరం. ఆ విషాదాంత ప్రేమకథ ఈ సాధారణ దైనందిన వాస్తవాన్ని ఎంతకాలం కప్పిపెట్టిందో ఆలోచించాలి.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ పరిస్థితికి పరిష్కారంగా, గిరిజనేతరుణ్ణి చేసుకున్న ఆదివాసీ స్త్రీకి భూమి హక్కు, రిజర్వేషన్ హక్కు తీసేయాలన్న వాదన ఆదివాసీ సమాజాల్లోంచే వినిపిస్తూ ఉంటుంది. పోగొట్టుకున్నవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఆ వాదనలో శిక్ష పడేది ఎవరికి? భూమి అనుభవించేవాడికి కాదు. కట్టుబాటు ఒకవైపు ఆమెను వెలివేస్తే, చట్టం మరోవైపు చేయి వదిలేస్తే ఆమె నూటికి నూరుపాళ్ళు ఆ మనిషి దయమీదే ఆధారపడుతుంది. పైగా ఇష్టపడి చేసుకున్న పెళ్ళిళ్ళూ ఉన్నాయి. వాటిని కూడా కుట్రగా చూస్తే స్త్రీకి ఇష్టమనేదే లేదని మనమూ ఒప్పుకున్నట్టవుతుంది. శిక్షించాల్సింది పెళ్ళిని కాదు. ఆమె పేరిట ఉన్న ఆస్తి మీద ఆమె ప్రమేయం లేకుండా జరిగే అద్దెలు, కౌళ్ళు, తాకట్లను పరిశీలించాలి.

పొయ్యి నుంచి అడవి దాకా

గడపలు పెరిగితే జరిగేది భూమి మార్పిడి ఒక్కటే కాదు. కొత్త ఇంటికి కలప కావాలి, కొత్త పొయ్యికి కట్టె కావాలి, కొత్త బావికి నీరు కావాలి. పత్తి చేను విస్తరించినకొద్దీ ఊరి అంచున ఉన్న ఇప్ప చెట్లు, తునికి పొదలు పోతాయి. అడవి ఎంత తగ్గిందో అటవీ శాఖ హెక్టార్లలో చెబుతుంది. ఆడవాళ్ళు వేరే విధంగా చెబుతారు. జైనూరు వైపు ఒక గూడెంలో ఒక పెద్దమ్మ తన భాషలో చెబుతుంటే పక్కనున్న చదువుకున్న మనవరాలు నాకు తెలుగులో చెప్పింది. ఆమె అత్త కాలంలో పొయ్యి మీద ఎసరు పెట్టి కట్టెకు పోయేవాళ్ళట, ఎసరు కాగేలోపు తిరిగొచ్చేవాళ్ళట. ఆమె కాపురానికి వచ్చేసరికి కట్టె తెచ్చుకున్నాకే ఎసరు పెట్టాల్సి వచ్చింది. మనవరాలి కాలానికి కట్టెకు పోవడం ఒక పూట పని. గ్యాసు బండ వచ్చింది, కానీ నింపించడానికి డబ్బు లేని నెలల్లో మళ్ళీ అదే దారి.

ఇప్పపువ్వు ఏరడం, ఆకు కోయడం, వెదురు బుట్టలు అల్లడం స్త్రీలకు నేరుగా చేతికి డబ్బు వచ్చే పనులు. పట్టాలో పేరు లేకపోయినా అడవిలో ఆమెకు వాటా ఉండేది. అడవి దూరమయ్యేకొద్దీ ఆ వాటా పోయింది. దానికి బదులుగా దొరికింది ఇతరుల పత్తి చేలల్లో కూలి. జనాభా మార్పు వల్ల కుటుంబం పోగొట్టుకున్నది భూమి అయితే, కుటుంబం లోపల స్త్రీ పోగొట్టుకున్నది తన చేతి డబ్బు, దానితోపాటు ఇంట్లో తన మాట. మొదటి నష్టానికి రికార్డు ఉంది. రెండోదానికి లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం జరగాల్సిన సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది చనిపోయారంది, ఉద్యమకారులు అంతకు ఎన్నో రెట్లు అన్నారు. ఆ సభకు వచ్చిన ఆడవాళ్ళు భూమి గురించే వచ్చారా, అడవి గురించి కూడా వచ్చారా అని తెలుసుకోవాలంటే స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' కోసం చేసినట్టు కూచుని వినాలి. ఆనాటి యువతులు ఇప్పుడు అరవై దాటినవాళ్ళు. ఆ పనికి సమయం ఎక్కువ లేదు.

బయటివాళ్ళు ఎవరు

వలస గురించి మాట్లాడేటప్పుడు వచ్చినవాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం కూడా కుదరదు. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. పొరుగున మహారాష్ట్రలో ఆ గుర్తింపు లేదు. ఆ తర్వాత సరిహద్దు దాటి వచ్చి స్థిరపడినవాళ్ళ వల్ల భూములు, ఉద్యోగాలు పోతున్నాయని గోండులు, కోలాములు చెబుతున్నారు. 2017 చివర్లో ఈ వివాదం ఘర్షణలుగా మారింది. ఆదివాసుల ఫిర్యాదుకు ఆధారం ఉంది. అయితే తండాలో ఇటుక మోసే, పత్తి ఏరే లంబాడా స్త్రీకి కూడా పట్టాలో పేరు లేదు. కరువు నేలల నుంచి మొగుడి వెంట వచ్చి అడవి అంచున పొయ్యి పెట్టుకున్న ఆమెను, బజార్లో వడ్డీ వ్యాపారం చేసినవాణ్ణి 'వలసదారు' అన్న ఒకే మాటతో పిలిస్తే చరిత్ర అర్థం కాదు. గూడెం స్త్రీ, తండా స్త్రీ ఒకే వాగులో నీళ్ళు ముంచుకుంటారు. వాగు ఎండినప్పుడు తగాదా మొదట వచ్చేది కూడా వాళ్ళిద్దరి మధ్యే.

చట్టానికీ కట్టుబాటుకీ మధ్య

1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చినప్పుడు మనం దాన్ని గొప్ప విజయంగా చెప్పుకున్నాం. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. కానీ 1956 చట్టంలోని రెండో సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అంటే మన విజయం ఏజెన్సీ సరిహద్దు దగ్గర ఆగిపోయింది. 1996లో మధు కిష్వర్ కేసులో బీహార్ ఆదివాసీ స్త్రీల వారసత్వం సుప్రీంకోర్టు ముందుకు వచ్చినా పూర్తి న్యాయం దొరకలేదు. 2025 జూలై 17న మాత్రం, ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు స్త్రీ వారసుల కేసులో, స్త్రీకి వాటా లేదని చెప్పే ఆచారాన్ని రుజువు చేయలేనప్పుడు ఆమెకు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆచారం లేదని స్త్రీ నిరూపించనక్కరలేదు, ఉందని అనేవాళ్ళే నిరూపించాలి. ఆదిలాబాద్ గోండు స్త్రీలకు ఈ తీర్పు గురించి ఎవరు చెబుతారన్నది వేరే ప్రశ్న.

2006 అటవీ హక్కుల చట్టం పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలంది. దీనికి పక్కనే ఇంకో మార్పు. ఇందిరా ఆవాస్ యోజన నుంచి నేటి ఇందిరమ్మ ఇళ్ళ వరకు ప్రభుత్వం కట్టించే ఇల్లు ఎక్కువగా స్త్రీ పేరిటే మంజూరవుతుంది. 2024 మార్చిలో ఈ పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది భద్రాచలంలోనే. ఆ రకంగా చూస్తే ఇప్పుడు గడప ఆమెది, చేను ఆయనది. సిమెంటు ఇంటికి ఏటా మట్టి మెత్తే పని లేదు, అది ఆమెకు నిజంగా తగ్గిన శ్రమ. కానీ అడవి నుంచి ఒక గుంజ తెచ్చుకునే హక్కు లేకుండా సిమెంటు, ఇసుక, ఇనుము బయటి నుంచి కొనాలి. ఆ అప్పు కూడా ఆమె పేరిటే, మహిళా సంఘం నుంచి.

2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయింది. 2024లో కోర్ ప్రాంతం నుంచి రాంపూర్, మైసంపేట గ్రామాలను ఖాళీ చేయించి కడెం మండలంలో మద్దిపడగ దగ్గర కొత్త కాలనీకి తరలించారు. ఊరు మళ్ళీ కదిలింది. పూర్వం ఊరు కదిలినప్పుడు ఎప్పుడు, ఎటు అన్నది ఊరే నిర్ణయించుకునేది, అడవి వెంటే ఉండేది. ఇప్పుడు ప్రభుత్వం కట్టిన ఇళ్ళ వరసలోకి కదిలారు, అడవి వెనకే ఉండిపోయింది. అడవిలో పులి కోసం ఇళ్ళు తీసేస్తున్న కాలంలోనే అడవి అంచు పట్టణాల్లో కాలనీలు పెరుగుతున్నాయి. ఈ రెండు పరిణామాలనూ ఒకే చరిత్రగా చదవాలి.

ఏజెన్సీ గ్రామ పంచాయతీల్లో ఇంటి పన్ను రిజిస్టర్లు ఉంటాయి. అందులో ఇంటి నెంబరు, యజమాని పేరు, పన్ను ఉంటాయి. ఆ రిజిస్టర్లలోని స్త్రీల పేర్లను విడిగా రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ఈ ఇల్లు మీదేనా, ఇందులో ఎవరుంటున్నారు, అద్దె ఎవరి చేతికి వస్తుంది, చేను ఎవరి పేరిట ఉంది అని అడగడం పెద్ద ఖర్చుతో కూడిన పరిశోధన కాదు. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, సాహిత్యం, స్త్రీల అధ్యయనం చదివే ఆదివాసీ అమ్మాయిలు ఇప్పుడు ఉన్నారు. గోండీ, కోలామీ తెలిసిన వాళ్ళే ఈ ప్రశ్నలు నాకంటే బాగా అడగగలరు. జవాబులను ఎకరాల లెక్క పక్కన, తలల లెక్క పక్కన మూడో పట్టికగా రాసినప్పుడు, ఆదిలాబాద్ అడవుల్లో గడపలు ఎన్ని పెరిగాయో మాత్రమే కాక, వాటిలో ఎన్ని ఆమెవో కూడా తెలుస్తుంది.